మంచి అద్దెదారు

ఆరు నెలల అద్దె ముందే ఇచ్చాడట,
నోట్లకి రబ్బరు బ్యాండేసి.
కుళాయి కారుతోందని ఒక్కనాడూ ఫోన్ చెయ్యలేదట.
"అంత మంచి అద్దెదారు మళ్ళీ దొరకడనుకున్నాను,"
అంటుంది నోలీన్, గేటు బయటే నిలబడి.
లోపలికి రావడానికి ఆమెకి అనుమతి లేదు.
ఆమె ఇంట్లోకే.

టోకరోవా. ఫిబ్రవరి ఎండ.
ఈ ఊరికి ముందునుంచే ఒక వాసనుంది,
కాగితం మిల్లుది, మురిగిన గుడ్డులాంటిది.
గాలి ఇటు తిరిగితే వీధంతా కిటికీలు మూసుకుంటుంది.
అందుకే ఈ ఇంటి కిటికీలు ఏడాదిగా తెరుచుకోకపోయినా
ఎవరూ ఏమీ అనుకోలేదు.
వాసన చాటున వాసన దాక్కుంది
లారీ వెనక సైకిల్లా.

తెల్ల సూటు తొడుక్కున్నాను.
నా మణికట్ల చుట్టూ టెరే టేపు చుట్టాడు,
వాడికి నేను చుట్టాను.
ముసుగులో నా ఊపిరి నాకే
పక్కవాటాలో ఎవరిదో గురకలా ఉంది.

వంటింట్లో అన్నం వండిన గుర్తే లేదు.
స్నానాల గదిలో టబ్బు అడుగున తేనెరంగు మరక.
పొగని పసిగట్టే గంటని పైకప్పునుంచి ఊడబీకి
మేజోడులో చుట్టి సొరుగులో పెట్టాడు,
ఏడ్చే పిల్లని జోకొట్టి పడుకోబెట్టినట్టు.
కిటికీ అద్దాలకి వెండికాగితం.
దాని మీద గోటితో గీసిన గుర్రం.
గుర్రమా?
ఈ ఇంట్లో ఉన్నది ఒక్కడేనని కదా అద్దె కాగితం.

గోడలకి చెవులుంటాయంటారు.
ఉంటే ఉండనీ. నేనెరిగిన గోడలకి నోరుంది.
మింగుతాయి, కక్కవు.
అరచేతి మేర తడిగుడ్డతో తుడిచి పంపితే
ల్యాబునుంచి ఒక అంకె వస్తుంది.
ఆ అంకె చుట్టూ బ్యాంకు, బీమా, కౌన్సిలు
చావింట్లో చుట్టాల్లా చేరతాయి.
మూడు నెలలకోసారి ఇల్లు చూసుకున్నావా? అన్నారట బీమావాళ్ళు.
మంచివాడు కదాని చూడలేదు
అని రాయడానికి ఫారంలో గడి లేదు.
ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు.
అద్దెకిచ్చి చూడమనడం మరిచిపోయారు.

హాలు ద్వారబంధం మీద పెన్సిలు గీతలు.
డీన్ 81. డీన్ 82. రోవీనా 84.
పైకి పాకి పాకి ఒకచోట ఆగాయి.
పిల్లలు ఎదగడం మానలేదు,
వచ్చి నిలబడడం మానేశారు.
"ఆ చెక్క ఒక్కటీ ఇప్పించవూ," అంది నోలీన్.
రంగు పడని చెక్క. అన్నిటికంటే ఎక్కువ తాగింది అదే.
ఇవ్వలేనన్నాను. ఫోటో తీస్తానన్నాను.

ఫోటో కోసం మోకాళ్ళ మీద కూర్చుంటే
అన్ని పేర్ల కిందా
నీలం స్కెచ్ పెన్నుతో రెండు గీతలు.
పేరు లేదు, తేదీ లేదు.
రెంటికీ మధ్య బొటనవేలంత ఎడం.
అంటే ఈ గాలిలోనే
ఎవరో ఆ మాత్రం పెరిగారు.

టెరే కూడా చూశాడు.
ముసుగుల్లో మొహాలు కనబడవు, అదొక మేలు.
టేపు సాగదీసి కొలిచాడు.
తొంభై మూడు.
పైది. కిందది నేను కొలవనివ్వలేదు.

స్టేషన్లో ఆమె ఫోనులోనే అడిగి రాసుకుంది.
పేరు? లేదు.
వయసు? తెలీదు.
ఆడా మగా? తెలీదు.
మరేం తెలుసు మీకు?
పొడుగు తెలుసు, అన్నాను.
కాసేపు అవతల టైపు చప్పుడు ఆగింది.

సాయంత్రం ద్వారబంధాన్ని కోసి
నల్ల ప్లాస్టిక్‌లో రెండు చుట్లు చుట్టాం.
గేటు దగ్గర ఫోటో చూపించాను.
నోలీన్ తన పిల్లల్ని దాటుకుని
వేలితో కిందికి జరుపుతూ పోయింది,
నీలం దగ్గర ఆగింది.
బీమా మాటెత్తలేదు.
చెయ్యి చాచి గాలిలో ఒక ఎత్తు పట్టింది:
"ఇంతా?"

నేను గ్లవ్జు తీసి
ఆ చేతిని కొంచెం కిందికి దించాను.