గింజల్లేని పండు

కువైట్‌ల నేను వంటజేసిన ఇంట్ల
చిన్నపిల్ల నూరా
సగం కొరికిన జెల్లీ ముక్క నా చేతుల పెట్టింది.
పండు, తిను, అన్నది వాళ్ల మాటల.

ఏం పండు?
కాయిదం మీద మామిడి బొమ్మ,
నోట్లేమో మా ఇంటాయన తాగే దగ్గుమందు.
తొక్క లేదు, పీచు లేదు,
ఒక కన్ను మూయించే పులుపు లేదు,
పంటి సందున ఇరికేది ఏదీ లేదు.
నాలిక మాత్రం పొద్దూకేదాక పచ్చగనే ఉన్నది
గోడకేసిన సున్నం తీరుగ.

ఉమ్ముదామంటే పిల్ల చూస్తున్నది.
మింగిన.
రెండేండ్లు గట్లనే మింగిన.

ఇప్పుడు బాలానగర్ కాడ, హైవే పక్కన
సీతాఫలాల గంప ముందట కూసున్న.
రాత్రి గడ్డిల కప్పిన కాయలు
తెల్లారేసరికి మెత్తవడ్డయి.
కండ్లు తెరిసిన కాయనే తెంపాలె,
తొందరపడి తెంపితే రాయిలెక్క ఎండుతది.
ఈ సంగతి రాసేటంత జాగ
ఆ కాయిదం మీద యాడుంటది?

నిన్న ఒక కారాగింది.
పిల్లగాడు నాలుగు తొనలు తిన్నడు,
గింజలు బుగ్గల పెట్టుకొని
ఏం జెయ్యాల్నో తెల్వక ఏడుపుమొకం పెట్టిండు.
"మమ్మీ, దీనికి సీతాఫలం వాసన లేదు,
ఐస్‌క్రీముకే ఉంటది" అన్నడు ముద్దముద్దగ.

నవ్వొచ్చింది. కోపం గూడ.
"మింగకు బిడ్డా, ఈడ ఉమ్మెయ్" అని
దోసిలి పట్టిన.

నాలుగు గింజలు.
నల్లగ, తడిగ, జర ఎచ్చగ.
పారెయ్యబుద్ధి గాలే.
కొంగుకు ముడేసుకున్న.