మూడు చుక్కల ప

సొహార్‌ల, చేపల మార్కెట్ ఎనక టైపింగ్ సెంటర్‌ల
కుర్చీ అంచున కూసున్న.
ఒళ్ళె పదకొండు రోజుల బిడ్డ.
స్వరూప బయట కారుల, ఏసీ ముందర.
ఫారం మీద ఖాళీగ ఒకే ఒక్క గడి.

పోషిక, అన్న.
టైపు చేసే సుఆద్ రెండుసార్లు పెదవులు కలిపి
రెండుసార్లూ "బోషికా" అన్నది.
మాకు ప లేదు, ఏమనుకోకు అన్నది
ఇంట్ల చక్కెర అయిపోయిందని చెప్పినంత మామూలుగ.

అర్థమేందని అడిగింది.
పోషించేది, అన్నం పెట్టేది.
స్వరూప ఫోన్ల దొరకబట్టిన అర్థం అప్పజెప్పిన.
అబద్ధం కాదు.
నిజం దాని కింద పండుకొని ఉంది:
మా నాయినమ్మ పోశవ్వ.
మశూచి ఊరు తిరిగిన ఏడు పుట్టి
ఆ తల్లి పేరే మోసిన పోశవ్వ,
బీడీలు చుట్టీ చుట్టీ గోర్లు పచ్చబడ్డ పోశవ్వ.
"పోశవ్వ మనుమడు" అని ఎనక బెంచీ నవ్విన నాడు
బడికి తెచ్చిన సద్దిగిన్నె ముట్టకుంట తిప్పి పంపిన.
ఆమె ఏమనలేదు.
గేటు కాడ నిలబడి తనే తిన్నది.

ఇప్పుడు అవ్వను కోసి, ఇక అతికించి,
శ మడతలు ఇస్త్రీ చేసి ష చేసి
కొత్త పేరు అన్న.
చుట్టాలు మెచ్చిన్రు.
ఎవ్వరూ ఆనవాలు పట్టలే. స్వరూప సుత.

వరుసల నా ఎనక దాద్‌కరీం, బలూచీ, పడవ ఇంజన్ల మెకానిక్,
"మా రాతల ఉంది మీ ప" అని
సుఆద్ పెన్ను గుంజుకొని
రసీదు ఎనక విడిగ గీసి చూపిండు.
వెడల్పు గిన్నె.
దాని కింద మూడు చుక్కలు.

మూడు రాళ్ళ పొయ్యి అది.
నాకు తెల్సు ఆ పొయ్యి.
వాన ముసురుల తడి కట్టెలు ఊది ఊది
గట్క ఉడకవెట్టిన పొయ్యి.

సర్కారు కాయితంల కుదరదు, సుఆద్ అన్నది.
ఒక్క చుక్కే కొట్టింది.
బోషికా.
పోనీ, బోనంల బో అనుకున్న.
ముద్రకు పైసలు కట్టిన.
రసీదు మాత్రం అడిగి జేబుల పెట్టుకున్న,
ఇదెవరి పొయ్యి అని స్వరూప అడిగితే
ఇయ్యాల చెప్పాలె.

తలుపు తెరిస్తే వడగాలి.
బిడ్డకు ఆకలైంది.
ప అనకుంట, బ అనకుంట,
పెదవులు కలపకుంటనే
పిలవబట్టింది.