ఖాళీ దొడ్డి దగ్గర

మోకాళ్ళ మీద వంగితే తప్ప
ఈ మైదానమంతా పొడి మన్నే.
సొలొంగో తీగ చట్రాన్ని నేల మీద పెడుతుంది,
మూరెడు పొడవు, మూరెడు వెడల్పు.
లోపల నాచెంత, లైకెనెంత
ఆమె చెబితే నేను రాసుకోవాలి.
మొదటి రోజు, బావికి వంద అంగల్లో: సున్నా.
మళ్ళీ సున్నా.
మేక డెక్క, మేక పెంటిక, సున్నా.
కాగితం గాలికి ఎగరకుండా మోచేత్తో అదిమి
ఒకే అంకెను చుట్టుకుంటూ పోయాను
పొద్దు నెత్తికెక్కేదాకా.

ఏడో గుర్తుకు కట్టిన ఎర్ర రిబ్బన్ను
ఒక బొల్లి మేక నమిలేసింది.
గడ్డం కింద ఇంకా కొస వేలాడుతుంటే
గన్‌జోరిగ్ మోటారుసైకిలు మీద తరిమాడు.
మేక దొరికింది, రిబ్బను దొరకలేదు.
ఏడో చదరం ఎక్కడన్నది ఈరోజుకీ అంచనానే.

మూడో రోజు హందార్మా వచ్చి నిలబడింది,
వీపున ఎండుపేడ బుట్టతో.
ఏం లెక్కపెడుతున్నారంది.
రాతి మీది పసుపు మచ్చను చూపించాం.
"హగ్," అంది.
వాళ్ళ మాటలో చుండ్రుకీ అదే పేరు.
"నేలకి తల దురదపెట్టిందనా
ఇంత దూరం వచ్చి దువ్వుతున్నారు?"
తన మాటకు తనే నవ్వింది,
దగ్గు వచ్చేదాకా నవ్వి
బుట్ట దించింది.

అప్పుడు సొలొంగో నీళ్ళ సీసా తీసి
మాడిన మసిలా పడున్న దాని మీద
రెండుసార్లు చిమ్మింది.
మెలి తిరిగిన ఆకులు విప్పుకోవడానికి
ఒక ఆవలింతంత సేపు పట్టింది.
పచ్చ.
ముసలామె బోర్లా పడుకుంది,
డీల్ గుండీలు మట్టిలో దిగబడ్డాయి,
భూతద్దం కంటికి ఆనించుకుని
చాలాసేపు ఊపిరి బిగబట్టి చూసింది.

"ఇది నాకు తెలుసు," అంది లేవకుండానే.
"జుద్ వచ్చిన ఏడు."
మంచు మీద వాన పడి, ఆ వాన గడ్డకట్టి
గడ్డి గాజుపలక కింద కనిపిస్తూనే
నోటికి అందకుండా పోయిన చలికాలం.
మూడు వందల పన్నెండు ప్రాణాలు.
గొర్రెలు నిలబడే చచ్చిపోయాయట,
ఒకదానికొకటి ఆనుకుని ఉండడంతో
ఏది పోయిందో, ఏది మిగిలిందో
తోసి చూస్తే గాని తెలిసేది కాదట.

"తర్వాత రెండేళ్ళు ఈ నేలను తొక్కే కాలు లేదు.
దొడ్డి వెనక మన్ను నల్లబడింది.
చచ్చినవాటి ఉసురు పైకి తేలిందనుకున్నా.
పాలు చిలకరించా. పోలేదు.
వాన పడ్డ రోజున పచ్చగా మెరిసేది.
చూడలేక అటు నడవడమే మానుకున్నా."

సొలొంగో ఏమీ అనలేదు.
ఆ పాత దొడ్డి పక్కనే మా పదకొండో చదరం.
నూటికి అరవై రెండు.
నిన్న సాయంత్రం ఆ అంకె వచ్చినప్పుడు
ఇద్దరం గంతులేశాం.

ఫారంలో వాలుకు గడి ఉంది, ఎత్తుకు ఉంది,
మట్టి రంగుకు, బావి దూరానికి ఉంది.
అంచున, పెన్సిలుతో,
"దొడ్డి ఖాళీ" అని రాశాను.
కావాలంటే తర్వాత ఎవరైనా చెరుపుకోవచ్చు.

ఆమె లేచి డీల్ దులుపుకుంటుంటే
ఏ రాతినీ పట్టుకోని లైకెన్ ఉండ ఒకటి
గాలికి దొర్లుకుంటూ వచ్చి బూటుకు తగిలింది.
దీని ఇల్లెక్కడ అని అడిగింది.
లేదన్నాం.
బుట్టలో వేసుకోబోయి, ఏమనుకుందో,
మళ్ళీ గాలికే వదిలేసింది.

చట్రం ఎత్తాం. తడి ఆరి
పచ్చ అప్పుడే ముడుచుకుంటోంది.
ఇంతసేపూ మేం చూసిన చోటేదో
మా మోకాళ్ళు చేసిన గుంతలను బట్టే తెలుస్తోంది.
అటు దిబ్బ మీంచి మేకలు దిగుతున్నాయి.
"ఇప్పుడు నాలుగు వందల పైనే," అంది,
మొదటిసారి నిటారుగా నిలబడి,
ఒక్కోదాన్ని దాని రంగు పేరుతో అదిలిస్తూ.