రెప్పపాటు పొడవు

రెప్పపాటంటే మా ఊళ్లో కాలం.
హైవే మీద మాత్రం అది దూరం.
వెనక ఇరవై నాలుగు టన్నుల ఇనుప చుట్టలు కట్టుకుని
ఒకసారి కొలిచి చూడండి.
నేను కొలిచాను.
తడ దాటినాక, ఒక తెల్లారుజామున,
నా కన్ను మూసుకున్న చోటికీ తెరుచుకున్న చోటికీ నడుమ
ఒక కల్వర్టు,
రెండు కరెంటు స్తంభాలు,
సైకిలు తోసుకుపోతున్న ఒక మనిషి.

అద్దంలో చూస్తే ఇంకా నడుస్తానే ఉన్నాడు.
ఏం జరిగిందో ఆయనకి ఈరోజుకీ తెలియదు.

నిన్న సాయంత్రం నాలుగింటికి మనలి దగ్గర లైన్లో పడ్డాను.
ముందు బండి బారెడు కదిలితే నేనూ బారెడు.
కదలకపోతే వెనకోడి హారను.
రాత్రి ఒంటిగంటకి హార్బరు గేటు తెరిచారు.
ఆఫీసులో ప్రభాకరు కంప్యూటర్లో నేనొక ఎర్ర చుక్కని.
చుక్క కదల్లేదు కాబట్టి డ్రైవరు పడుకున్నట్టే లెక్క.
"తొమ్మిది గంటలు రెస్టు తీసుకున్నావు గదా పెంచలయ్యా,
ఎత్తు ఇంక హోసూరు లోడు."
నాయనా,
ఒంటికాలి మీద నిద్రపోయేది కొంగ ఒకటే.
ఎన్నూరు వాగులో కావలసినన్ని ఉన్నాయి,
వాటికిచ్చుకో లైసెన్సు.

ఆపుదామంటే చోటేదీ?
బంకులో డీజిలు పట్టించినోడికే నీడ.
రోడ్డు వారన ఆపితే డోరు మీద లాఠీ దరువు,
"ఇంగ నిక్కాదే, పో, పో."
అట్టా వారన నిలబెట్టిన, ఎర్రదీపం లేని బండి వెనకే గదా
మస్తాన్ బాషా పోయింది.
స్టీరింగు మీద నిద్రపోయాడని రాసుకున్నారు.
అంతకుముందు ఎన్ని రాత్రులు నిద్రపోలేదో
ఏ కాగితంలోనూ లేదు.

మాధవరం దాటినాక సెల్వి టీ కొట్టు.
కన్ను ఎర్రగా ఉన్నోడికి టీ పొయ్యదు,
చెయ్యి చాపుతుంది.
"సావి కుడు."
కొత్తలో చావు అన్నట్టు వినపడి ఉలిక్కిపడ్డాను.
అరవంలో సావంటే తాళంచెవి అంట.
తీసుకుని మేకుకి తగిలిస్తుంది.
ఈ రాత్రికి నాతో కలిపి ఏడు.
గంటన్నర కాందే ఇవ్వదు,
కాళ్లు పట్టుకున్నా, ఓనరు ఫోను చేసినా.
నీకెందుకమ్మా ఇదంతా అంటే
గోడ మీది బొగ్గు గీతలు చూపించింది.
నా పేరు కింద నూటనలభై.
బాకీ ఉన్నోడు చావగూడదంట.

క్యాబిన్లో చాప పరిచి ఒరిగాను.
ఫోను మోగింది. మోగనీ.
చుక్క కదల్లేదు ప్రభాకరూ,
ఈ ఒక్కసారికి నీ కంప్యూటరు నిజమే చెప్తా ఉంది.

లేచేసరికి మసక వెలుతురు.
ఎవరో సైకిలు తోసుకుంటా
నా బండి ముందునుంచే పోతున్నారు,
తిరిగి చూడకుండా, తీరిగ్గా.
కల్వర్టు ఉన్నచోటే ఉంది.
స్తంభాలు ఉన్నచోటే ఉన్నాయి.
నేను కూడా.