పదకొండు పళ్ళు

రేకు డబ్బాలో మేకులేసి ఊపినట్టుంటుందని ఊనా ట్రెవిన్.
కాదు, నిద్రలో పళ్ళు కొరికే పిల్లాడిలా అని ఆమె తమ్ముడు గార్త్.
ఒక్క క్షణమే.
ఆ తర్వాత ఇంజిన్ అందుకుంటుంది,
ఏమీ ఎరగనట్టు.

ప్రతిసారీ రాదు. అదే చిక్కు.
పొద్దున చల్లగా ఉన్నప్పుడని అతను.
స్కీల మీద ముగ్గుర్ని లాగి, వేడెక్కి ఉన్నప్పుడని ఆమె.
చెరిసగం పెట్టి కొన్న పడవ,
తప్పు మాత్రం ఎప్పుడూ అవతలివాళ్ళ సగంలోనే.

ముర్రే నది ఒడ్డున నా షెడ్డుకి
జనవరిలో, అంటే మాకు నడి ఎండాకాలంలో,
ట్రైలరు మీద తెచ్చి నిలబెట్టారు.
పడవ నడుమ ఇంజిన్, దాని మీద కార్పెట్ అంటించిన పెట్టె,
పెట్టె మీద ఎవరివో తడి తువ్వాళ్ళు.
గొట్టంతో నీళ్ళిచ్చాను.
అడుగున పెట్రోలు ఆవిరి పోయేదాకా నాలుగు నిమిషాలు ఫ్యాను తిప్పాను.
తాళం తిప్పాను.
పిలిస్తే పలికినట్టు స్టార్టయింది.
ఇంకోసారి. ఇంకోసారి. పన్నెండోసారి కూడా.
డాక్టరు గడప తొక్కగానే తగ్గిపోయే జ్వరం.

బ్యాటరీ బాగానే ఉంది.
తీగల కొసల్లో పచ్చటి చిలుము గీకేశాను.
మోకాళ్ళు చెవులకి తగిలేలా ముడుచుకుని,
కంటికి కనపడని బోల్టుల్ని వేళ్ళతో వెతికి
స్టార్టర్ మోటారు ఊడదీశాను.
బల్ల మీద కరెంటిస్తే చిన్న పళ్ళచక్రం ముందుకు దూకింది,
బుద్ధిగా వెనక్కొచ్చింది.
తుడిచి మళ్ళీ బిగించాను.
బిల్లు రాయడానికి చెయ్యి రాలేదు.

నాలుగో రోజు గార్త్ ఫోను.
హలో కూడా అనలేదు, ఫోను ఇంజిన్ దగ్గర పెట్టాడు.
కర్ర్ర్ర్.
"విన్నావా డెల్విన్?"

అప్పుడు సుద్దముక్క తీశాను.
క్రాంకు పుల్లీ అంచు మీద ఒక తెల్ల గీత.
దీన్ని గడియారం అనుకోండి.
తాళం తిప్పేముందు గీత ఎన్ని గంటల దగ్గరుందో రాయండి.
గోల చేస్తే సున్నా చుట్టండి.
కారణాలు మాత్రం రాయొద్దు.

పది రోజులకి తెచ్చారు,
చేపల ఎర అమ్మే అట్టపెట్టె చింపి, దాని వెనక,
రెండు చేతిరాతలు.
నలభై ఒక్క స్టార్టులు. ఏడు సున్నాలు.
ఏడూ రెండు గంటల దగ్గరే.
చల్లనా లేదు, వేడీ లేదు.
ఆమెవి మూడు, అతనివి నాలుగు.
(ఇది లెక్కపెట్టానని వాళ్ళకి చెప్పలేదు.)

ఎనిమిది సిలిండర్ల ఇంజిన్
ఆపినప్పుడు ఎక్కడ పడితే అక్కడ ఆగదు.
లోపల గాలి బిగుసుకున్న చోట తడబడి,
ఒకడుగు వెనక్కేసి,
రెండు, ఐదు, ఎనిమిది, పదకొండు,
ఈ నాలుగింట్లో ఏదో ఒకచోట కూలబడుతుంది.
ముప్పై ఏళ్ళుగా స్టార్టర్ కొరికేది ఆ నాలుగు చోట్లనే.
తక్కిన చక్రమంతా
ఇంకా పెళ్ళికాని ఇనుము.

కింది మూత విప్పి టార్చి వేశాను.
స్పానర్‌తో పుల్లీని మెల్లగా తిప్పుతుంటే
పళ్ళు, పళ్ళు, నిగనిగలాడే పళ్ళు,
ఉన్నట్టుండి ముసలి నోరు.
పదకొండు. అంచులు లేచినవి, అరిగి మొండైనవి,
ఒకటి సగానికి విరిగింది.

ఊనా వంగి చూసింది. గార్త్ వంగి చూశాడు.
"నే చెప్పలా?" అని ఎవరూ అనలేదు.
ఎవరూ చెప్పి ఉండలేదు మరి.

ఇంజిన్ పైకెత్తాలి,
పాత వలయం కొట్టి తీసి, కొత్తది కాచి ఎక్కించాలి,
రెండు వారాలు, బోలెడు డబ్బు, అన్నాను.
చలికాలం దాకా ఆగుదాం, అన్నారిద్దరూ ఒకేసారి,
అని, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.
అయితే గీత రెండు మీదుంటే తాళం ముట్టుకోకండి,
స్పానర్‌తో బెత్తెడు జరపండి, చాలు.

నా షెడ్డు ఎదురుగానే వాళ్ళ రేవు.
సాయంత్రాలు టీ తాగుతూ చూస్తుంటాను.
ఒకరు పెట్టె మూత ఎత్తి తొంగి చూస్తారు,
ఇంకొకరు తాళం మీద చెయ్యేసి ఆగుతారు.
"ఎనిమిది."
"సరే."
"పదకొండు."
"సరే."
ఎప్పుడో ఓసారి, "రెండు."
అప్పుడు ఏమీ అనుకోకుండానే
స్పానర్ చేతులు మారుతుంది.