తడిసిన చాప

తెల్లారకముందే వచ్చారు.
కుక్క మొరగలేదు, దానికి ముందే తెలుసు కాబోలు.
సవాయీ దీవిలో మా ఇంటికి గోడల్లేవు,
స్తంభాలు, వాటి మధ్య గాలి.
ఏడవడానికి ఒక మూలైనా లేదు.

ముంగిట్లో పగడపు రాళ్ల మీద
గుట్టగా ఒక చాప. దాని కింద మనిషి.
మొగలి ఆకుని దారంలా చీల్చి
రెండేళ్లు అల్లిన చాప,
పెళ్లికో చావుకో తప్ప పెట్టె దాటనిది,
వానలో నానుతోంది.

కింద ఎవరో ఎవరూ చెప్పక్కర్లేదు.
ఫెరెతి. పందొమ్మిదేళ్లు. పికప్ ట్రక్కు.
మా మలాకి సైకిల్ మీద రొట్టె తెస్తున్నాడు ఆ వేళ.
రొట్టె నలగలేదు. కాగితంలో అలాగే ఉంది.

మా రివాజు ఇది:
తప్పు చేసినవాడు చాప కప్పుకుని వచ్చి కూర్చుంటాడు.
ఎత్తితే బతుకుతాడు.
ఎత్తకపోతే... మా మరిది స్తంభానికి ఆనుకుని ఉన్నాడు,
చేతిలో కొబ్బరి కొట్టే కత్తి.
మా ఆయన పొయ్యి వంకే చూస్తున్నాడు.
పొయ్యిలో నిప్పు లేదు.

వద్దనుకున్నా నాకు ఒక బిస్కెట్ల డబ్బా గుర్తొచ్చింది.

పదకొండేళ్ల కిందట
చర్చి పైకప్పుకి ఆడవాళ్లు కూడబెట్టిన డబ్బు
ఆ డబ్బాలో, నా దగ్గర.
మొదట ఇరవై తాలాలు తీశాను, మళ్లీ పెట్టేద్దామనే.
ఆ తర్వాత తీసినవి లెక్కపెట్టుకోలేదు.
అందరి ముందూ మూత తెరవాల్సిన రోజున
పాస్టరమ్మ సియేని వంటింట్లోకొచ్చి
సంచిలోంచి కవరు తీసి డబ్బాలో పెట్టి
నా వంక చూసింది. అంతే.
ఆ చూపులో కోపం వెతికాను.
దొరికుంటే బావుండేది.

మరుసటి ఆదివారం కానుకల పళ్లెం
నా ఒళ్లోనే పెట్టింది. "లెక్కపెట్టమ్మా" అంది.
నా వేళ్లు వణికి నాణేలు దొర్లిపోతే
తనే బల్లకింద దూరి ఏరింది,
మోకాళ్లు పట్టేసి లేవలేక నవ్వుతూ.

ప్రసంగాల్లో కృప వెలుగట, ఊటట.
నేను చూసింది మాత్రం
ఒక ముసలావిడ చీపురుపుల్లల మధ్య
నా చిల్లర ఏరడం.

డబ్బూ కొడుకూ ఒకటేనా ప్రభువా, అని అడిగాను.
గట్టిగానే అడిగాను.
ఆయన మాట్లాడలేదు.
ఆయనకీ ఒక కొడుకున్నాడని అప్పుడు తట్టి
నోరు మూసుకున్నాను.

చాప ఎత్తడం పెద్దల పని, ఆడదాని పని కాదు.
"వదినా" అన్నాడు మరిది.
నేను వానలోకి దిగాను.

తడిసిన చాప ఎంత బరువో
మోసినవాళ్లకి తెలుస్తుంది.
రెండుసార్లు జారింది చేతుల్లోంచి.
కింద వాడు ముడుచుకుని ఉన్నాడు,
ఒళ్లో పొయ్యిరాళ్లు, కట్టెలు.
నన్ను కాల్చుకు తినండి అని వాటి అర్థం,
తాతల నాటి మాట.
వాడి చేతులు చూడలేకపోయాను.
స్టీరింగు పట్టిన చేతులు.
చెవులు చూశాను. పిల్లాడి చెవులు.

మా ఆయన దిగొచ్చి, వాడి వంక చూడకుండానే
ఆ కట్టెలు తీసుకెళ్లి పొయ్యిలో పెట్టాడు.
తడి కట్టెలు. ఎంతకీ అంటుకోలేదు.
పొగకి అందరం ఏడ్చాం,
పొగకే అనుకోనిచ్చాం.

కోకో కాచాను.
మలాకి కప్పు కొక్కేనికి ఉంది, తీయలేకపోయాను.
నా కప్పు వాడికిచ్చాను.
నేను తాగలేదు.

క్షమించావా అని ఊళ్లో అడుగుతారు.
చాప ఎత్తాను అంటాను.
రోజూ పొద్దున్నే మళ్లీ ఎత్తుతున్నాను,
కొన్నాళ్లు ఈకలా లేస్తుంది,
కొన్నాళ్లు మరిది కత్తి కూడా దానిమీదే ఉన్నట్టుంటుంది.

ఈ రోజు ఇంకా ఎత్తలేదు.
ఇప్పుడే లేచాను.