తీపి లేని అరగంట

మన్ననూరు సంతలో
నిమ్మల ఈదమ్మ గోనెపట్టా మీద
కుంకుడుకాయలు, చీపురుకట్టలు, సీసాడు తేనె,
పక్కన ఎవరూ బేరమాడని పొడపత్రి మోపు.

"నమలు బిడ్డా" అంది. నమిలాను.
"ఇగ బెల్లం తిను" అంది.
ఎండిన డిండి వాగు ఇసుక
పంటి కింద కరకరమంది.
తీపి ఎక్కడికీ పోలేదు, వాకిట్లోనే ఉంది.
గుర్తుపట్టాల్సిన నాలుకే మొఖం తిప్పుకుంది.

అప్పటికి నా పరిశోధనకు రెండేళ్ళు.
పేరు మూడు వరుసల పొడుగు,
పని మాత్రం
పాలమూరులో, మెట్టుగడ్డ దాటాక, ఒక రేకుల గదిలో
ఇరవై నాలుగు తెల్ల ఎలుకలకు
డాల్డా కలిపిన మేత పెట్టి లావు చెయ్యడం,
తర్వాత ఆకు సారం పట్టి
వాటి తోక కొనన నెత్తుటి బొట్టును అడగడం:
ఏమైనా తగ్గిందా?

ఇన్సులిన్ మాట వినని ఒళ్ళంటే ఏమిటో
మణెమ్మ చిన్నమ్మకు గ్రూపు లోనుతో చెప్పాను.
కిస్తీ పిలగాడు నెలకోసారి వస్తే తలుపు తీస్తావు,
పొద్దుకు పదిసార్లు వస్తే?
"గొళ్ళెం పెట్టుకోని సప్పుడు జెయ్యకుంట కూసుంట."
నీ కండ కూడా అదే చేస్తోంది చిన్నమ్మా,
కాకపోతే వీడు వసూలుకు రాలేదు,
చక్కెర చేతికిచ్చి పోదామని వచ్చాడు.
ఆమె చాటలో రాళ్ళేరుతూ ఆగింది.
"ఇయ్యనీకి వచ్చినోనికి గూడ తలుపు తియ్యదా?"

పూనా దగ్గర ఏదో డ్యాము కట్ట మీద
పదేళ్ళు మట్టి తట్ట మోసిన నడుము ఆమెది.
పూటకింత గట్క, ఇంత పచ్చిపులుసు.
అప్పుడు రాని కొవ్వు ఇప్పుడెందుకొచ్చిందంటుంది.
నాకు తోచింది చెప్పాను:
కరువులో చదువుకున్న ఒళ్ళు,
తెల్లన్నం కనబడ్డప్పుడల్లా
రేపు ఉంటదో ఉండదో అని
పొట్ట చుట్టూ గుమ్మి కట్టుకుంటుంది.

ఎనిమిదో వారం, ఏడో నంబరు ఎలుక తగ్గింది.
గ్రాఫు మీద గీత
గుట్ట దిగే మేకలా గబగబా దిగింది.
సారు టీ తెప్పించాడు.
అదే సారం తాగిన పదకొండో నంబరు
ఒక్క గ్రాము కూడా తగ్గలేదు.
ఆ అంకె రాయకుండా పెన్ను మూతపెట్టి
కాసేపు కిటికీలోంచి తంగేడు పూలు చూశాను.
తర్వాత రాశాను.

"నాకియ్యరాదె ఆ పసరు" అంది చిన్నమ్మ.
ఎంత ఇవ్వాలో తెలియదు,
నీ గోలీలతో కలిస్తే ఏమవుతుందో తెలియదు,
నువ్వు ఎలుకవు కావు.
"మరి ఆ ఎలుక మంచిగయ్యిందా?"
ఏడో నంబరు కాలేయం తూకం
నా నోటుబుక్కులో ఉంది.
ఎలుక లేదు.

మళ్ళీ సంతకు పోయి ఈదమ్మకు చెప్పాను,
నీ ఆకు ఎలుకలకు పనిచేసిందని.
"ఎలుకలకు గూడ షుగరొచ్చెనా!"
నవ్వి నవ్వి దగ్గింది,
కొంగుముడి విప్పి చూపించింది.
తెల్ల గోలీలు, సర్కారు దవాఖాన సిస్టరిచ్చినవి.
మరి ఆకో, అన్నాను.
"ఆకు అమ్మనీకె బిడ్డా. గోలీ మింగనీకె."

ఆ గోలీ పూర్వీకురాలు కూడా ఒక మొక్కేనని,
ఎక్కడో చలి దేశంలో ఊదాపూలు పూసేదని,
విషమని తెలిసి, నూరేళ్ళ ఓపికతో దాని కోర పీకారని
చెబుదామనుకున్నాను.
తేనె కొనేవాళ్ళు వచ్చారు.

బస్సెక్కేముందు ఇంకో ఆకు పెట్టింది నోట్లో.
అచ్చంపేట బస్టాండులో చాయ్ తాగితే
మొదటి గుక్క వేడినీళ్ళు,
రెండోది పాల వాసన.
గ్లాసు అడుగున ఎవరో తలుపు సందులోంచి చూసినట్టు
కొంచెం తీపి.

ఇంకో చాయ్‌కి సరిపడా చిల్లర
చేతిలో పట్టుకుని నిలబడ్డాను.
డ్రైవరు హారన్ కొట్టాడు.